అరవై పౌన్ల నాటకం

(ఒక నెలవారీ సాహిత్య సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "ఓ అరగంట మాట్లాడండి, ఏ విషయమైనా సరే" అన్నారు. ఏ విషయమైనా అంటే నాకు వచ్చినవి రెండే. ఒకటి అచ్చుపని, రెండోది నాటకం. పద్దెనిమిదో ఏట తెనాలిలో ఒక ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటరుగా చేరాను. పగలంతా కేసు ముందు నిలబడి అక్షరాలు ఏరడం, రాత్రయితే పరిషత్తు నాటకాలకు రిహార్సల్సు. అందుకని ఈ రెండు పనులూ చేసిన ఒక మనిషి గురించి చెబుదామని వచ్చాను. మనవాడు కాదు, లండన్‌వాడు. పేరు డగ్లస్ జెరాల్డ్.

ఈ పేరు ఎంతమంది విన్నారో చేతులెత్తమని అడగను. అడిగితే నాకే దిగులు. ఆయన బతికున్న రోజుల్లో పెద్ద నవలాకారులు డికెన్సు, థాకరేల పక్కన ఈయన పేరు కూడా చెప్పుకునేవారు. ఆ ఇద్దరూ మిగిలారు. ఈయన ఏమయ్యాడన్నది నా ప్రశ్న కాదు. ఈయనకి ఎంత ముట్టింది? నాకు కావలసిన లెక్క అది. కంపోజిటరు బుద్ధి ఎక్కడికి పోతుంది చెప్పండి, పేజీకి ఎంత అనే కదా మేం బతికింది.

1803 జనవరి 3న లండన్లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ జెరాల్డ్ నటుడు, చిన్న నాటకాల కంపెనీ నడిపే మనిషి. కెంట్‌లో క్రాన్‌బ్రుక్ దగ్గర ఒక పల్లెటూళ్ళో చిన్న థియేటరు కౌలుకు తీసుకుని ఆడించేవాడు. 1807లో కాపురం షీర్‌నెస్‌కి మార్చాడు. షీర్‌నెస్ అంటే నౌకాదళం ఊరు, యుద్ధ ఓడల రేవు. అప్పుడు నెపోలియన్‌తో యుద్ధం జరుగుతోంది. ఓడ దిగిన నావికుల జేబుల్లో డబ్బు, ఆ డబ్బుకి దారి చూపించడానికి ఊళ్ళో నాటకం. పిల్లవాడు కూడా అప్పుడప్పుడు స్టేజీ ఎక్కి చిన్నపిల్లల వేషాలు వేశాడు గానీ, వాడి కళ్ళు స్టేజీ మీద లేవు, సముద్రం మీద ఉన్నాయి.

1813 డిసెంబరులో, ఇంకా పదకొండేళ్ళు నిండకుండానే, 'నామూర్' అనే కాపలా ఓడలో మిడ్‌షిప్‌మన్‌గా, అంటే అధికారి పని నేర్చుకునే కుర్రాడిగా, చేరాడు. ఆ ఓడ కెప్టెను ఎవరనుకున్నారు? చార్లెస్ ఆస్టెన్. నవలలు రాసిన జేన్ ఆస్టెన్‌కి తమ్ముడు. అదే ఓడలో క్లార్క్‌సన్ స్టాన్‌ఫీల్డ్ అని ఇంకో కుర్రాడు ఉండేవాడు. బొమ్మలు వేసేవాడు. ఓడ మీదే వీళ్ళు నాటకాలు ఆడితే తెరలు వాడు రాసేవాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

యుద్ధం అంటే ఎంతో ఊహించుకుని వెళ్ళిన పిల్లాడికి కనిపించిన యుద్ధం ఏమిటంటే, వాటర్లూ నుంచి తమ ఓడలో ఇంటికి తిరిగొస్తున్న క్షతగాత్రులు. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు. ఇంకొకటి, నావికులను కొరడాలతో కొట్టడం. ఆ శిక్ష మీద ద్వేషం ఆయనకి చచ్చేదాకా పోలేదు.

ఆయన కొడుకు రాసిన జీవితచరిత్రలో ఒక ముచ్చట ఉంది. ఒకసారి కెప్టెన్‌తో పాటు రేవులో దిగినప్పుడు పడవకు కాపలాగా ఈ కుర్రాణ్ణి ఉంచారు. ఇద్దరు నావికులు "అయ్యా, ఏదో కొనుక్కొచ్చుకుంటాం" అని అడిగారు. "వెళ్ళండి, వస్తూ వస్తూ నాకు కూడా కాసిని పళ్ళు పట్రండి" అన్నాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే. పారిపోయారు. వీడికి చీవాట్లు పడ్డాయి. చాలా ఏళ్ళ తర్వాత, పేరున్న రచయిత అయ్యాక, లండన్ వీధిలో వాళ్ళలో ఒకడు, వీపున రొట్టెల మోతతో, ఒక కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. జెరాల్డ్ వెనకనుంచి వెళ్ళి భుజం తట్టి, "ఏమయ్యా, ఆ పళ్ళు తేవడానికి ఇంతసేపా?" అన్నాడట. (నవ్వులు) ఆ మనిషి బిత్తరపోయి ఉంటాడు పాపం.

1815లో సంధి కుదిరింది. దేశమంతా పండగ చేసుకుంది, శామ్యూల్ జెరాల్డ్ దివాలా తీశాడు. యుద్ధం లేదు, నావికులు లేరు, టిక్కెట్లు లేవు. 1816 కొత్త సంవత్సరం రోజున కుటుంబం లండన్‌లో దిగింది. పదమూడో ఏట డగ్లస్ ఒక అచ్చాఫీసులో అప్రెంటిస్‌గా చేరాడు. 1819 నాటికి 'సండే మానిటర్' అనే పత్రికలో కంపోజిటరు.

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, మీరు అనుమతిస్తే.

అచ్చు అక్షరం పట్టుకోనివాళ్ళకి ఈ పని తెలియదు. సీసపు అక్షరం తిరగేసి ఉంటుంది. చేతిలో స్టిక్కు, అక్షరాలు పేర్చుకునే చిన్న పళ్ళెం. ఎదురుగా ఎవరో రాసిన కాయితం. చూసి ఒక్కో అక్షరం ఏరి పేర్చాలి. తెలుగైతే వొత్తులతో కలిపి ఇంకో నరకం, అది వేరే సభలో చెబుతాను. కొన్నేళ్ళు చేశాక ఏం జరుగుతుందంటే, ఎవడు బాగా రాస్తాడో, ఎవడు ఊరికే పేజీ నింపుతాడో వేళ్ళకి తెలిసిపోతుంది. నీళ్ళు కలిపిన వాక్యం పేర్చేటప్పుడు చెయ్యి విసుక్కుంటుంది. జెరాల్డ్ వాక్యాలు పొట్టిగా, కొస పదునుగా ఉండడానికి ఇదే కారణమని నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

ఆ రోజుల్లో 'డెర్ ఫ్రైషుట్జ్' అనే జర్మన్ సంగీత నాటకం లండన్‌ని ఊపేస్తోంది. మనవాడు చూసొచ్చి ఆ రాత్రి ఒక సమీక్ష రాశాడు. పేరు పెట్టకుండా తన పత్రిక ఎడిటర్ గారి పెట్టెలోనే పడేసి వెళ్ళిపోయాడు. మర్నాడు పనిలోకి వస్తే ఫోర్‌మన్ కంపోజింగుకి ఒక కాయితం చేతికిచ్చాడు. చూస్తే తన రాతే. కింద ఎడిటర్ గారి చిన్న ముక్క: ఈ వ్యాసం పంపిన విలేఖరి ఎవరో, ఇంకా రాయవలసిందిగా కోరుతున్నాం. ఆ కోరికని కూడా వాడే కంపోజ్ చేయాలి! నేను ఈ ఘట్టం చదివిన రోజు పుస్తకం మూసేసి బయట కాసేపు తిరిగొచ్చాను.

జర్నలిస్టు జెరాల్డ్ అలా పుట్టాడు. నాటక రచయిత అంతకంటే ముందే పుట్టాడు. పదిహేనో ఏట రాసిన ఒక ప్రహసనాన్ని 1821లో శాడ్లర్స్ వెల్స్ థియేటరులో ఆడారు. దాన్ని ఎవరో ఫ్రెంచిలోకి మార్చి పారిస్‌లో ఆడితే, ఇంకెవరో ఆ ఫ్రెంచి నుంచి మళ్ళీ ఇంగ్లీషులోకి దించి కొత్త నాటకమని లండన్‌లోనే ఆడించారు. అసలు రాసినవాడికి ఆ మూడు చేతుల్లో ఏ చేతి నుంచీ ఏమీ రాలేదు. అప్పటికి చట్టం అలా ఉంది. నాటకం అచ్చువేస్తే ఆ పుస్తకం మీద హక్కు ఉంది గానీ, ఎక్కడైనా ఆడితే అడిగే హక్కు లేదు.

1824లో మేరీ స్వాన్‌తో పెళ్ళయింది. సంసారం పెరుగుతోంది. 1825లో కోబర్గ్ థియేటర్లో ఆస్థాన రచయితగా కుదిరాడు. ఇవాళ లండన్‌లో ఓల్డ్ విక్ అంటారే, అదే ఆ కోబర్గ్. ఆస్థానం అన్నానని పొరపడకండి. వారానికి కొద్ది పౌన్లు, మేనేజరు ఏదడిగితే అది రాయడం. ఆ మేనేజరు పేరు డేవిడ్జ్. పైసా పైసా లెక్కేసే మనిషి. ఆ థియేటర్లలో రాత్రి ప్రదర్శన సగమయ్యాక వచ్చేవాళ్ళకి సగం టిక్కెట్టు ఉండేది. ఎన్నో ఏళ్ళ తర్వాత డేవిడ్జ్ సాయంకాలం పొద్దుండగానే పోయాడని ఎవరో చెబితే జెరాల్డ్ అన్నాడట: "సగం టిక్కెట్టు జనం వచ్చేదాకా అయినా ఆగుతాడనుకున్నానే!" (నవ్వులు) పోయినవాడి మీద జోకేమిటంటే, ఆయన నోరు అలాంటిది. స్నేహితులే ఆ నోటికి భయపడేవారు. మనిషి మాత్రం పొట్టివాడు, నడుం వంగిపోయి ఉండేవాడు. గుబురు కనుబొమల కింద నీలి కళ్ళు.

1829లో ఆ డేవిడ్జ్‌తో పోట్లాట పెట్టుకుని, చంకలో ఒక నాటకం పెట్టుకుని, దగ్గర్లోనే ఉన్న సర్రే థియేటరుకి నడిచాడు. అక్కడ మేనేజరు రాబర్ట్ ఎలిస్టన్. ఆ నాటకం పేరు 'నల్లకళ్ళ సూసన్'.

కథ చెబుతాను, పెద్దదేం కాదు. విలియం అనే నావికుడు చాలాకాలానికి ఓడ దిగి ఇంటికొస్తాడు. భార్య సూసన్. అతని ఓడ కెప్టెనే తాగిన మత్తులో సూసన్ మీద చెయ్యి వేస్తాడు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన విలియం కత్తితో కొట్టి పడేస్తాడు. నౌకాదళంలో పై అధికారి మీద చెయ్యెత్తితే ఉరే. కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, కూర్చుంటుంది. వచ్చిన ప్రతి సాక్షీ విలియం ఎంత మంచివాడో చెప్పేవాడే, అయినా తీర్పు ఉరి. చివరి క్షణంలో దెబ్బ తిన్న కెప్టెనే కాయితం పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. తన ప్రాణం ఒకసారి కాపాడాడని విలియంకి ఉద్యోగం నుంచి విడుదల ఇప్పించాడట, ఆ ఉత్తర్వుని సూసన్ మేనమామ దాచేశాడు. అంటే కొట్టే నాటికి విలియం నావికుడే కాదు. శిక్ష లేదు. తెర.

ఇదంతా ఇవాళ మనకి పాత సినిమాలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ముగింపు చూడండి. న్యాయం వల్ల బతకలేదు వాడు, తేదీ వల్ల బతికాడు. చట్టం చట్టంలాగే ఉంది, ఒక కాయితం అడ్డొచ్చింది. కొరడా దెబ్బలు చూసిన పిల్లాడు పెద్దయ్యి రాసిన ముగింపు ఇది.

1829 జూన్ 8న మొదటి ప్రదర్శన. విలియం వేషం టి.పి. కుక్‌ది. ఈ కుక్ కూడా చిన్నతనంలో నౌకాదళంలో చేరి కేప్ సెయింట్ విన్సెంట్ యుద్ధం చూసినవాడే. రాసినవాడు నావికుడు, ఆడినవాడు నావికుడు, నేల టిక్కెట్టు జనంలో సగం నావికులు. సర్రే థియేటరు థేమ్స్‌కి దక్షిణపు ఒడ్డున, పెద్దమనుషులు అడుగుపెట్టని వైపు ఉండేది. ఆ ఏడు లండన్ అంతా నది దాటి ఈ నాటకం చూసింది. ఆ ఒక్క థియేటర్లోనే నూటయాభై రాత్రులకు పైగా ఆడింది. తర్వాత కోవెంట్ గార్డెన్ వాళ్ళూ వేశారు. కుక్ ఇక్కడ ఆట ముగించుకుని, బండెక్కి, వంతెన దాటి, అదే రాత్రి అక్కడ మళ్ళీ విలియం అయ్యేవాడు.

ఇప్పుడు లెక్క. ఎలిస్టన్ వేలల్లో గడించాడు. కుక్‌కి వారానికి అరవై పౌన్లు. రాసినవాడికి అన్నీ కలిపి, వారానికి కాదండీ, మొత్తానికి, సుమారు అరవై పౌన్లు.

పైగా ఒకరోజు ఎలిస్టన్ ఈయన్ని పిలిచి చాలా ప్రేమగా ఒక సలహా చెప్పాడు: "నాయనా, మీ స్నేహితులంతా చందాలు వేసుకుని నీకో వెండి పళ్ళెం బహుమానంగా ఇస్తే బాగుంటుంది కదా?" (నవ్వులు) తను ఇవ్వాలన్న ఆలోచన కలలో కూడా రాలేదన్నమాట. మన పద్యనాటకాల రోజుల్లోనూ వన్స్‌మోర్లు పాడినవాడికే కదా. రాసినాయన ఏ వరసలో కూర్చున్నాడో ఎవరూ చూసేవారు కాదు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. అప్పట్లో లండన్‌లో అచ్చంగా మాటల నాటకం ఆడే హక్కు రాజుగారి పత్రంతో డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ అనే రెండు థియేటర్లదే. మిగతావాటిని మైనర్ థియేటర్లు అనేవారు. వాళ్ళు నాటకంలో పాటలో వాయిద్యమో కలిపి, ఇది నాటకం కాదు సంగీతం అని చెప్పుకుంటూ ఆడాలి. మెలోడ్రామా అనే మాట ఇవాళ తిట్టయింది గానీ, అది చట్టాన్ని తప్పించుకోవడానికి వేసుకున్న వేషం. ఆ రెండు థియేటర్ల పెత్తనం 1843 దాకా పోలేదు.

1832లో ఈ గొడవలన్నిటి మీద పార్లమెంటు కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు బుల్వర్ లిట్టన్, నవలాకారుడు. జెరాల్డ్ వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. తన అరవై పౌన్ల సంగతీ అక్కడ పెట్టాడు. మరుసటి ఏడు, 1833లో, నాటక ప్రదర్శన హక్కు చట్టం వచ్చింది. రచయిత అనుమతి లేకుండా ఆడితే ఆటకి నలభై షిల్లింగులకు తగ్గకుండా జరిమానా. నలభై షిల్లింగులంటే రెండు పౌన్లు. గుణించి చూసుకోండి, నూటయాభై ఆటలకి మూడు వందల పౌన్లు. కానీ సూసన్ అప్పటికే నాలుగేళ్ళ పాతబడింది.

అదే 1832లో డ్రూరీ లేన్‌లో ఆయన 'రెంట్ డే' ఆడారు. కౌలు కట్టలేని రైతు కథ. అంతకుముందు అదే థియేటరు వాళ్ళు ఫ్రెంచి నాటకం ఒకటి అనుసరించి ఇవ్వమంటే, "ఈ గడపలోకి వస్తే సొంత రచయితగానే వస్తాను, లేకపోతే రాను" అని తిరగ్గొట్టాడు. వచ్చాడు. వచ్చి చూస్తే ఆ థియేటర్లో తెరలు రాస్తున్నది ఎవరు? నామూర్ ఓడలో తెరలు రాసిన స్టాన్‌ఫీల్డే. ఓడ దిగాక ఒకరి జాడ ఒకరికి తెలియని ఆ ఇద్దరూ పదహారేళ్ళ తర్వాత స్టేజీ వెనకాల కలుసుకున్నారు.

1836లో బావమరిది హామండ్‌తో కలిసి స్ట్రాండ్ థియేటరు నడిపాడు. ఒక విషాద నాటకం రాసి తనే ముఖ్యవేషం కట్టాడు. రెండూ దెబ్బతిన్నాయి. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కలం క్రమంగా స్టేజీ మీంచి పత్రిక మీదికి జరిగింది. కొందరు దీన్ని పతనం అంటారు, నాటకకర్త కాస్తా వారపత్రికల మనిషి అయ్యాడని. నాకలా అనిపించదు. స్టేజీ మీద హిట్టయినా అరవై పౌన్లే, పత్రికలో అయితే ఎన్ని కాలమ్‌లు రాస్తే అంత డబ్బు. ఏడుగురు తినే ఇంట్లో ఏది ఎంచుకుంటారు?

1841 జూలైలో 'పంచ్' అనే హాస్య వారపత్రిక పుట్టింది. జెరాల్డ్ రెండో సంచిక నుంచి చేరాడు, చనిపోయే కొద్దిరోజుల ముందు వరకు రాశాడు. మొదట్లో 'క్యూ' అనే ఒక్క అక్షరం సంతకంతో పేదల పక్షాన నిప్పులు కురిపించాడు. ఆ పంచ్ మూసలోనే తర్వాత మన దేశంలో లక్నోలో 'అవధ్ పంచ్' లాంటివి వచ్చాయి. ఇంకో చిన్నమాట. 1851 మహా ప్రదర్శన కోసం హైడ్ పార్కులో అద్దాల భవనం కట్టారు కదా, దాన్ని 'క్రిస్టల్ ప్యాలెస్' అంటున్నాం. ఆ పేరు పంచ్‌లో జెరాల్డ్ రాసిన ఒక ముక్కలోంచి వచ్చిందనే చెబుతారు.

కానీ పంచ్ అమ్మకాలు పెంచింది నిప్పులు కాదు, గొడుగు. 1845లో 'మిసెస్ కాడిల్ కర్టెన్ లెక్చర్లు' అని ధారావాహిక మొదలెట్టాడు. ఆ కాలంలో మంచానికి చుట్టూ తెరలుండేవి. రాత్రి దీపం ఆర్పి, తెరలు లాగాక, భార్య భర్తకి క్లాసు పీకడం. కాడిల్ బొమ్మల వ్యాపారి. ఒక స్నేహితుడికి ఐదు పౌన్లు అప్పిచ్చాడు, ఒక రాత్రి. ఇంట్లో గొడుగు ఎవరికో ఎరువిచ్చాడు, ఇంకో రాత్రి. ఆ గొడుగు నుంచి మొదలెట్టి పిల్లల జలుబు దాకా, బడి మానడం దాకా, చివరికి తన చావు దాకా తీసుకెళ్తుంది ఆవిడ. భర్త నోరెత్తడు. ఇంగ్లండంతా పడి పడి నవ్వింది.

భార్య నస మీద నవ్వించడం తేలిక పని, నాకు పెద్ద మోజు లేదు. కానీ రెండు సంగతులు. ఆ లెక్చర్లన్నీ రాసిపెట్టినట్టు చూపించింది భార్య చనిపోయాక ఒంటరిగా పడుకుని నిద్రపట్టని భర్త. రెండోది, అదే రచయిత విటింగ్టన్ క్లబ్బు అనే సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకున్న క్లబ్బు అది, 1840లలో.

సొంతంగా పెట్టిన పత్రికలు, షిల్లింగు మాసపత్రికా, తన పేరుతోనే ఒక వారపత్రికా, ఏవీ నిలబడలేదు. పేరున్న రచయిత సొంత పత్రిక పెట్టడం, మునగడం మనకి కొత్త కాదు. 1852లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ప్రచురణకర్త, చవక భయానక కథలు అమ్మి పైకొచ్చినవాడు, తన 'లాయిడ్స్ వీక్లీ'కి ఎడిటర్‌గా రమ్మన్నాడు. కూలివాళ్ళు చదివే కాయితం. ఏడాదికి వెయ్యి పౌన్లు. ఈయన చేతిలో ఆ పత్రిక అమ్మకం 1,82,000కి చేరింది. యాభయ్యో పడిలో మొదటిసారి జెరాల్డ్ ఇంట్లో నెల నెలా లెక్క సరిపోయింది.

డికెన్సుతో స్నేహం గురించి ఒక్కటి చెప్పి ముగింపుకొస్తాను. 1849లో బహిరంగ ఉరిశిక్షల మీద వాదం వచ్చింది. జనం మధ్య కాకుండా జైలు లోపల ఉరితీయాలని డికెన్సు రాశాడు. అసలు ఉరే వద్దు, చాటుగా చేస్తే మాత్రం పాపం తగ్గుతుందా అని జెరాల్డ్. ఇద్దరికీ మాటల్లేవు, నెలల తరబడి. ఒకరోజు ఒక క్లబ్బులో ఇద్దరూ వేరే వేరే స్నేహితులతో, వీపులు ఆనేంత దగ్గరగా కూర్చుని భోంచేస్తున్నారు. ఉన్నట్టుండి జెరాల్డ్ కుర్చీ ఇటు తిప్పి రెండు చేతులూ చాచి గట్టిగా అన్నాడు: "దేవుడి మీద ఒట్టు, మళ్ళీ స్నేహితులమైపోదామయ్యా. ఇలా ఉండడానికి జీవితం చాలదు." ఈ సంగతి డికెన్సే రాశాడు.

1857లో పోయాడు జెరాల్డ్, కిల్‌బర్న్‌లో తన ఇంట్లో, యాభై నాలుగేళ్ళకి. వెస్ట్ నార్‌వుడ్ శ్మశానానికి మోసినవాళ్ళలో డికెన్సు ఉన్నాడు. వెంటనే కుటుంబం కోసం నిధి మొదలెట్టాడు. తను కథ చదివి వినిపించాడు, థాకరే ఉపన్యాసం ఇచ్చాడు, 'ఫ్రోజెన్ డీప్' అనే నాటకం వేశారు. ఆ నాటకం మాంచెస్టర్‌లో ఆడినప్పుడే డికెన్సు ఎలెన్ టెర్నన్ అనే అమ్మాయిని చూసి సంసారం కూల్చుకున్నాడు, అది వేరే కథ. కొడుకు బ్లాంచర్డ్‌కి ఈ చందాల వ్యవహారం నచ్చలేదు, మేమేం అడుక్కునే స్థితిలో లేము అన్నాడు. అయినా సుమారు రెండు వేల పౌన్లు పోగయ్యాయి.

ఆ నిధి కోసం అడెల్ఫీ థియేటరులో 'నల్లకళ్ళ సూసన్' కూడా మళ్ళీ వేశారు. విలియం వేషానికి ఎవరినని వెతకలేదు. టి.పి. కుక్కే వచ్చాడు. డెబ్భై ఒకటో ఏట, అదే నావికుడి బట్టలు తొడుక్కుని. వారానికి అరవై పౌన్లు తీసుకున్న మనిషి ఆ రాత్రి ఆడింది తన కోసం కాదు. వసూలైన డబ్బు రాసినవాడి భార్య మేరీకీ, పిల్లకీ వెళ్ళింది.

జెరాల్డ్ పోయిన తేదీ చెప్పడం మర్చిపోయాను. జూన్ 8. సూసన్ మొదటి ప్రదర్శన కూడా జూన్ 8నే, సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్ళ కింద.

సెలవు.